తోటకూర, ఓ నిమ్మకాయ

ఈ ఉదయం రైతుబజార్‌లో ఒకావిడ తోటకూర తీసుకుంటూ, "మా అమ్మాయికి రక్తం తక్కువుందట, ఆకుకూరలు పెట్టమన్నారు డాక్టరు" అంది.

కూరలమ్మే పెద్దమ్మ ఇంకో కట్ట ఆమె సంచిలో వేసింది.
"ఇది ఊరికే తీస్కపో బిడ్డా. నిమ్మకాయ గూడ కొనుక్కో, పిండి పెట్టు."

ఎంత మంచి మాట!

ఆకుకూరలోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. నిమ్మరసంలోని సి విటమిన్ తోడైతే బాగా పడుతుంది. అదే భోజనం అవగానే టీ తాగితే, పట్టేది కూడా తగ్గిపోతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం.
అంటే సగం మందికి పైనే!
ఈ అంకెలు గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది.

కారణాలు చాలా ఉండొచ్చు. కానీ అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిందే అమ్మ వాటా అయ్యే ఇళ్లు ఇంకా ఎన్ని లేవు?

తోటకూర, మునగాకు, గోంగూర, పొన్నగంటి... ఏదైనా సరే.
ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఫోలేట్ అందులోకే దిగుతుంది.
కాస్త నూనె పడితే ఎ విటమిన్ ఒంటికి బాగా అందుతుంది.
డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే అవీ మానొద్దు.

ఈ పూట ఆకుకూర ముందుగా ఇంటి ఆడవాళ్ల కంచంలో వడ్డించండి.

మీ ఇంట్లో ఏ ఆకుకూర ఎక్కువ? ఎలా వండుతారు? చెప్పండి, అందరం నేర్చుకుందాం.