వేలు పడాలి

మా అత్తగారికి తొంభై దగ్గర పడుతున్నాయి. 2022లో స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. అప్పటినుంచీ ఆవిడకు వూరూ వాడా అన్నీ మంచమే. మాది జూబిలీహిల్స్. వెనకటికి మావారు ఇక్కడ స్థలం కొంటే, “ఈ బండల మధ్య యెవరితో కాపరం చేస్తావురా, నక్కలతోనా?” అన్న అత్తగారే, 1988లో మా గుట్టమీద అపోలో ఆసుపత్రి వెలిసేసరికి, ముందుచూపంటే మా అబ్బాయిదేనని చుట్టాలందరికీ చెప్పుకున్నారు.

ఆసుపత్రి దగ్గరే గాని, మంచం మీది మనిషిని పగలూ రాత్రీ కనిపెట్టుకుని వుండటం ఆసుపత్రివాళ్ల పని కాదు గదా! వొక కంపెనీకి ఫోను చేస్తే ఆయాను పంపారు. మొదటి ఆవిడ పదిరోజులకే మానేసింది. రెండో ఆవిడ వున్నన్నాళ్లూ అత్తగారు పగలల్లా మగతగా పడి వుండేవారు. ఏం మాత్రలు వేసేదో నాకు ఇప్పటికీ తెలియదు. వీళ్లకు పని నేర్పిందెవరు, పరీక్ష చేసిందెవరు అని అడిగితే, “ఈసారి మంచి అమ్మాయిని పంపుతాం మేడమ్” అన్నారు. అలా వచ్చిందే మా అచ్చంపేట అమ్మాయి. అమ్మాయి అంటున్నానే గాని, నలభై దాటింది. ఫిలింనగర్ కింది బస్తీలో వొక గది అద్దెకు తీసుకున్నారు. మొగుడు సినిమాల్లో గుంపు వేషాలు వేస్తాడు.

2024 వేసవిలో వొకనాడు ఆ అమ్మాయి గుమ్మం పట్టుకు నిలబడి, “అమ్మా, రెండు దినాలు వూరికి పోయొస్త. మా అవ్వకు యేలు పడ్తలేదంట” అంది.

నాకు ముందు బోధపడలేదు. ఆమె తల్లికి ఆసరా పింఛను వస్తుంది. 2014లో వెయ్యి రూపాయలతో మొదలై, 2019లో 2,016 అయింది. అది చేతికి రావాలంటే నెలనెలా వెళ్లి యంత్రం మీద వేలు పెట్టాలి. ముసలావిడ జన్మంతా నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసింది. వేలిమీద గీతలు అరిగిపోయాయి. పది వేళ్లూ వరసగా పెట్టినా యంత్రం ఆవిణ్ణి గుర్తుపట్టదు. రెండు నెలలుగా వుత్తచేతులతో తిరిగి వస్తోందట.

నిజం చెప్పొద్దూ, నాకు చిరాకే వేసింది. రెండు రోజులు అత్తగారిని లేవదీసి పక్క మార్చేదెవరు? “ఈ నెల పడకపోతే వచ్చే నెల పడుతుందిలే, కలిపి యిస్తారు” అన్నాను. ఏం తెలుసునని అన్నానో! ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా అత్తగారికి జావ పట్టడానికి వెళ్లింది.

సాయంత్రం ఆమె మొగుడు వచ్చాడు. ఏదో షూటింగులో ముసలివేషం వేశాడట, చెంపల మీద తెల్లవెంట్రుకలు రెండు మూడు ఇంకా అంటుకునే వున్నాయి. “నన్ను జిగురు పెట్టి అర్ధగంటల ముసలోణ్ని జేసిన్రమ్మా. మా అత్త సంగతి మిషన్‌కు చెప్పనీకె ఎవ్వరితోటి అయితలేదు” అని నవ్వాడు. లోపలినుంచి అత్తగారు విన్నారు.

“పంపించవే అమ్మాయ్, ఈ రెండు రోజుల్లో నేనేం చావనులే!” అన్నారు.

పంపించాను. మూడోనాడు వచ్చి చెప్పింది. తల్లి చేతులు తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, కాసేపు ఆగి గట్టిగా అద్దిస్తే యేడోసారికి పడిందట. పదహారు రూపాయలకు చిల్లర లేదన్నాడట యిచ్చేవాడు. ఆ చిల్లర ఏ నెలా వుండదట!

వృద్ధుల కోసం 2010 ప్రాంతంలో కేంద్రంవారు వొక పథకం పెట్టారు. దాని ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొక రోజు ముసలివాళ్లను ప్రత్యేకంగా చూడాలి, మంచాన పడ్డవాళ్ల యింటికి మనిషి వెళ్లాలి. అది చదివిన గుర్తుండి, “మీ అమ్మను చూడటానికి యెవరైనా వస్తారా?” అని అడిగాను.

“పిల్లలకు టీకాలెయ్యనీకె వస్తది నర్సమ్మ. ముసలోళ్లనెవరు చూస్తరమ్మా?” అంది.

మా అత్తగారికీ పింఛనుంది సుమండీ. మామగారు రైల్వేలో చేశారు. బతికి వున్నట్టు ఆవిడ ఏటా నవంబరులో రుజువు చూపాలి. అందుకు జీవన్ ప్రమాణ్ అనే వేలిముద్ర పద్ధతి 2014 నవంబరులో వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆసరా మొదలైందీ ఆ నెలలోనే. మా అత్తగారు ఏడాదికి వొక్కసారి బతికి వుంటే సర్కారుకు చాలు. ఆ అవ్వ మాత్రం ఎండలో నడిచివెళ్లి పన్నెండుసార్లు బతకాలి.

తనిఖీ వద్దని నేననను. దొంగపేర్లతో డబ్బు తినేవాళ్లు లేకపోలేదు. ఉపాధిహామీ పనులకు 2006 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలోనే సామాజిక తనిఖీ అని జరిగింది. చదువుకున్న పల్లెటూరి పిల్లలు లెక్కలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, “నీ పేర ఇంత కూలి రాశారు, ముట్టిందా?” అని అడిగేవారు. తరవాత మండలంలో పదిమంది ముందూ చదివేవారు. అక్కడ జవాబు చెప్పుకోవలసింది కూలివాడు కాదు, రాసినవాడు. పదహారు రూపాయలు ముట్టాయా, నర్సమ్మ వచ్చిందా అని అవ్వనూ అలా యెవరైనా అడగాలిగదా! ఆ మాటకొస్తే, రెండో ఆయా వేసిన మాత్రలేవని మా జూబిలీహిల్స్ ఇంటికి వచ్చి అడిగినవాళ్లూ లేరు.

2025లో తెలంగాణలో వేలికి బదులు ముఖం చూసి పింఛను యిచ్చే పద్ధతి తెచ్చారు. అవ్వకు ఆ మేరకు సుఖమే. పదహారు రూపాయల సంగతి ముఖం చూస్తే తేలదనుకోండి.

ఆ 2024 నవంబరులో పోస్టుమాన్ చిన్న యంత్రం పట్టుకుని మా యింటికి వచ్చాడు. అత్తగారి బొటనవేలు పడలేదు. చూపుడువేలూ పడలేదు. ఆవిడ నావంక చూశారు. అంత భయం ఆ ముఖంలో, ఆపరేషనుకు తీసుకువెళ్లినప్పుడు కూడా నేను చూడలేదు.

“జర ఆగు సారూ” అని ఆ అమ్మాయి లోపలికి వెళ్లి, తడిగుడ్డా కొబ్బరినూనె సీసా తెచ్చి మంచం పక్కన కూచుంది.