తాత కంబళి

మా పెద్దనాయన కొడుకు అమెరికాలో, మిన్నెసోటాలో ఉన్నాడు. అక్కడ చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి. మంచు కనీసం 4 అంగుళాల మందం అయినాక జనం దానిమీదికి నడిచిపోయి, బొక్క తవ్వి, గాలం వేసి కూర్చుంటారంట. అన్న ఫోన్‌లో చెబుతాంటే తాత అడిగిన మొదటి మాట, "ఏం కప్పుకుంటార్రా?"

"ఒంటికి తగిలేది నూలుబట్ట ఉండకూడదు తాతా. చెమట పీల్చి తడిగానే ఉంటుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఉన్ని అయితే తడిసినా వెచ్చన."

"ఇది తెలుసుకోను అంత దూరం పోవాల్నా?" అన్నాడు తాత, భుజం మీద కంబళి సర్దుకుంటా.

మా బట్లహళ్ళిలో చెరువు గడ్డకట్టదు. కానీ మన చింతామణి వైపు నేల సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంది కదా, పుష్యమాసంలో తెల్లారుజామున కట్టమీద కూర్చుంటే తెలుస్తుంది. మా ఇంట్లో అమ్మకు చళి, నాయనకు చలి. అక్షరం మారినా వణుకు ఒకటే.

పోయిన జనవరిలో మొదటిసారి తాతతో గాలానికి పోయినాను. అమ్మ "స్వెటర్ హాక్కొండు హోగే" అని అరుస్తానే ఉంది. నేను జీన్స్, నూలు టీషర్టు, హవాయి చెప్పులు. ఫోటోలో బాగుండాలి కదా! గడ్డిలో మంచుకు జీన్స్ మోకాళ్ల దాకా తడిసింది. (తడిసిన జీన్స్ మధ్యాహ్నమైనా ఆరదు, నా మాట నమ్మండి.) గాలానికి రాగిముద్ద గుచ్చుదామంటే వేళ్లు కొయ్యలైనాయి. తాత ఏమీ అనకుండా కంబళి తీసి నాకు కప్పినాడు. రెండు జిలేబి చేపలు పడినాయి. తాత ఉత్త చొక్కాతో రెండు గంటలు కూర్చున్నాడని ఇంటికొచ్చినాకనే నాకు తట్టింది.

మూడో రోజు తాతకు జ్వరం, దగ్గు. వారం ఆసుపత్రిలో ఉన్నాడు. చలివల్లే అని డాక్టరు అనలేదు. ఇంట్లో కూడా ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.

ఈ డిసెంబరులో తాతే మళ్లీ పిలిచినాడు. ముందురోజు రాత్రే అన్నీ తీసిపెట్టుకున్నాను. ఒంటికి కాలేజీ ఆటల పాలిస్టర్ జెర్సీ, దానిమీద నాయన పాత ఉన్ని స్వెటరు, ఆపైన గాలి దూరకుండా రెయిన్‌కోటు. తలకు మంకీక్యాపు. సాక్సులు ఒక జతే. రెండు తొడిగితే బూట్లు బిగుతై వేళ్లు ఇంకా చల్లబడతాయి. వాటిమీద ప్లాస్టిక్ కవర్లు, ఆపైన బూట్లు. నాయన చూసి, "టమోటా తోటలో నిలబెడితే పిట్ట వాలదు" అన్నాడు.

కట్టమీద తాత నా రెండు చేతులూ పట్టి చూసినాడు. వెచ్చగానే ఉన్నాయి. "సరే" అని కంబళి తన తలమీదికి లాక్కొని, గాలం నా చేతికిచ్చినాడు.

ఆ పొద్దు ఒక్క చేపా పడలేదు.