హోసూరు రోజాల తోటల్లో ఓ ఉదయం

పుట్టినరోజుకనో పెళ్లిరోజుకనో పూలకొట్లో పొడుగు కాడ గులాబీ కొంటాం కదా, అది ఏ ఊరిదని ఎప్పుడైనా అడిగారా? మన దక్షిణాదిలో చాలాసార్లు వచ్చే జవాబు హోసూరు. బెంగుళూరు నుంచి 40 కిలోమీటర్లు. అత్తిబెలె దాటగానే తమిళనాడు మొదలు. బోర్డులన్నీ తమిళంలో ఉంటాయి గానీ, సంతలోకి అడుగుపెడితే తమిళం, కన్నడంతో పాటు మన తెలుగూ ధారాళంగా వినబడుతుంది. "రాండక్కా, యాడ నుంచి వచ్చినారు?" అని పలకరిస్తే పరాయి రాష్ట్రం అనిపించదు. తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. 2004 నుంచి ఇది కృష్ణగిరి జిల్లాలో ఉంది.

గులాబీకి ఈ ఊరే ఎందుకంటే, గాలి. సముద్ర మట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తు. పగలు మంచి ఎండ, రాత్రి చల్లన. రాత్రి చలికి మొగ్గ తొందరపడి విచ్చుకోదు, నిదానంగా బలిసి పెద్దదవుతుంది. మన గోదావరి జిల్లాల ఉక్కలో అదే మొక్క పూసినా మొగ్గ చిన్నది, రెండురోజుల్లో రేకులు రాలిపోతాయి.

బాగలూరు వైపు వెళ్తే రోడ్డుకి అటూ ఇటూ తెల్లటి ప్లాస్టిక్ కప్పులతో పాలీహౌసులు. లోపల ఒకే వరసలో వేల మొక్కలు, మొదళ్లలో డ్రిప్ గొట్టాలు. విచిత్రమేమిటంటే సగం కొమ్మల్ని నడుము దగ్గర వంచి కిందికి పడుకోబెట్టేశారు. "పాపం, విరిగిపోవా?" అంటే నవ్వారు అక్కడి ఆడవాళ్లు. వంగిన కొమ్మ ఆకులు అన్నం వండి పెడతాయట, మొదట్లోంచి లేచిన కొత్త కొమ్మ ఆ తిండి తిని నిటారుగా పెరుగుతుందట. ఇంట్లో పెద్దవాళ్ల సంగతి గుర్తొచ్చింది నాకు!

కోత తెల్లవారుజామునే. మొగ్గ ఇంకా బిగిసి ఉండగానే కత్తిరిస్తారు, కాడ వెంటనే నీళ్ల బకెట్‌లోకి. ఆ తర్వాత షెడ్డులో గ్రేడింగ్. 40, 50, 60 సెంటీమీటర్లు అంటూ కాడ పొడవును బట్టి వేరుచేసి, ఇరవై కాడలు ఒక కట్టగా అట్ట చుట్టి, 2 నుంచి 4 డిగ్రీల చల్లగదిలో పెడతారు. ఈ పనంతా దాదాపు ఆడవాళ్లదే. చేతులకు తొడుగులున్నా ముంజేతుల మీద ముళ్ల గీతలు కనబడుతూనే ఉంటాయి. ఎర్రదానికి ఇక్కడ బాగా పేరున్న రకం 'తాజ్‌మహల్'. వాసన చూశాను, దాదాపు లేదు. ఎక్కువ రోజులు నిలవాలని పెంచిన రకాల్లో పరిమళం తగ్గిపోయింది. వాసన కావాలంటే సంతలో విడిగా తూచి అమ్మే పన్నీరు రోజానే కొనాలి, దండలకీ గులాబీ జలానికీ అదే.

ఎకరం పాలీహౌసు నడిపే ఒకావిడతో కాసేపు కూర్చున్నాం. ఫిబ్రవరి 14 కోసం డిసెంబరులోనే లెక్కగట్టి కొమ్మలు కత్తిరించాలట. నెలన్నర, రెండు నెలల్లో పువ్వు రావాలి. చలి ఎక్కువైతే వారం ఆలస్యం, ఆ వారంతో ధర సగానికి సగం పడిపోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పెళ్లిళ్లు ఆగిపోయాయి, లారీలు ఆగాయి. "మొక్కకు తెలవదు కదక్కా, అది పూస్తానే ఉండె. కోయకపోతే చెట్టు పాడవుతాది. కూలిచ్చి కోయించి, గుంటలో పోసినాం" అంది. బ్యాంకు కంతు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆమె బెంగ ప్లాస్టిక్ పూలు. పెళ్లి పందిళ్లకి అవే మళ్లీ మళ్లీ అద్దెకిస్తున్నారు. దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పువ్వుల కింద పిల్లను కూర్చోబెట్టడం నాకూ నచ్చదు, ఆ మాట అక్కడే చెప్పాను.

అన్నట్టు, పారశీకంలో 'గులాబ్' అంటే పువ్వు కాదు, పన్నీరే. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. మనం నీళ్ల పేరు తెచ్చి పువ్వుకు పెట్టుకున్నాం. నూర్జహాన్ తల్లి పన్నీరు కాస్తుండగా పైన తేలిన నూనెను తీసి అత్తరు చేసిందని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. వంటింట్లో పుట్టిన కనిపెట్టడమన్నమాట! రంగులకు అర్థాలు మాత్రం కాలాన్ని బట్టి మారాయి. పసుపు గులాబీని ఇప్పుడు స్నేహానికి ఇస్తున్నాం, విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో అదే అసూయకు గుర్తు. పసుపంటే శుభమనే మనకు ఆ గొడవే లేదు. నీలం గులాబీ అని అమ్మేవి మటుకు రంగు నీళ్లు తాగినవే. తెల్ల గులాబీని నీలం రంగు నీళ్లలో ఒక రాత్రి ఉంచి చూడండి, పిల్లలు సరదా పడతారు.

ఇక ఇంటికి తెచ్చుకున్నాక. షెడ్డులోని ఆడవాళ్లు చెప్పిందే చెబుతున్నాను. కూజాను ముందు సబ్బుతో కడగాలి, మురికి కూజాయే గులాబీకి మొదటి శత్రువు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసెయ్యాలి. కాడ చివర అంగుళం మేర ఏటవాలుగా, పదునైన కత్తితో, వీలైతే నీళ్లలో ముంచి కొయ్యాలి. గాలి బుడగ కాడలో దూరితే నీళ్లు పైకెక్కవు. లీటరు నీళ్లకు చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం కలపొచ్చు. ఒట్టి పంచదార వద్దు, క్రిములు పెరుగుతాయి. నీళ్లు రోజూ మార్చాలి. టీవీ మీద, ఫ్యాను కింద పెట్టకండి. పండిన అరటిపళ్ల బుట్ట పక్కన అసలే వద్దు, పళ్ల నుంచి వచ్చే వాయువుకి రేకులు ముందే రాలతాయి. మొగ్గ మెడ వాల్చేస్తే పారెయ్యకండి. కాడ మళ్లీ కోసి, పువ్వును కాగితంలో నిటారుగా చుట్టి, మెడదాకా నీళ్లలో గంటసేపు ఉంచితే చాలావరకు తేరుకుంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లు బెంగుళూరు నుంచి పొద్దున్నే బస్సెక్కితే చాలు. కొండ మీద చంద్రచూడేశ్వరస్వామిని చూసుకుని, తోటవాళ్లను ముందుగా అడిగి వెళ్లండి. ఫిబ్రవరి మొదటి పది రోజులూ మాత్రం వద్దు. వాళ్లకు అన్నం తినే తీరికే ఉండదు.