కనుగొనడానికీ ఆక్రమించడానికీ మధ్య

ఎన్నికల వార్తల కోసం పశ్చిమ బెంగాల్ వెళ్లినప్పుడల్లా ఖరగ్‌పూర్‌లో దిగి, ఝపటాపూర్‌లోని మా అక్క ఇంట ఒక పూట గడపడం నాకు అలవాటు. వీధిలో బెంగాలీ, హిందీ. గడప దాటితే శ్రీకాకుళం యాస. ఈసారి నేను వెళ్లేసరికి మేనల్లుడు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. రాజకీయాలు రాయవలసిన చోట ఒక ఆట గురించి రాస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. చివరికి అది రాజకీయమే అయింది.

ఆట పేరు యూరోపా యూనివర్సాలిస్ 4. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసింది. కథాకాలం 1444 నవంబరులో మొదలవుతుంది. ఆడేవారు ఒక రాజ్యాన్ని ఎంచుకుని శతాబ్దాల పాటు నడపాలి. తెలియని నేలంతా పటంలో కప్పి ఉంటుంది. అన్వేషకుణ్ణి పంపితే తెర తొలగుతుంది. ఆ తర్వాత వలసదారులను పంపి, వారి జనాభా వెయ్యికి చేరేలా చూస్తే ఆ నేల పూర్తిగా మన రాజ్యంలో భాగమవుతుంది. అభిమానులు ఈ నియమాలను తమకు తోచినట్లు సవరించుకోవచ్చు. అలా సవరించిన రూపాన్ని మాడ్ అంటారు. మావాడు తయారు చేస్తున్నది అదే.

వాడి చిక్కు తూకం దగ్గర వచ్చింది. అన్వేషణను చవక చేస్తే పటం తొందరగా తెరుచుకుని, బలమున్న రాజ్యం అందరికన్నా ముందు అన్నీ మింగేస్తోంది. వలసను ఖరీదు చేస్తే, కనుగొన్న నేలను చూస్తూ కూర్చోవలసి వచ్చి ఆడేవారికి విసుగు పుడుతోంది. ‘‘ఒకటి దించితే ఇంకోటి లేస్తోంది మావయ్యా’’ అన్నాడు.

‘‘ఇంతకీ ఆ ఖాళీ నేలలో ఎవరూ ఉండరా?’’ అని అడిగాను.

‘‘ఉంటారు. ఇదిగో, ఈ అంకె వాళ్లే. వాళ్లకి రాజ్యం లేదు కాబట్టి ఖాళీ కింద లెక్క.’’

ఆ అంకె మీద దాడి చేయడానికి ఒక మీట కూడా ఉంది. 1444 నాటికి ఒడిశాను కపిలేంద్ర గజపతి ఏలుతున్నాడు కనుక మన తీరం ఆటలో ఖాళీ కాదు. సింహాసనం లేని చోట మనుషులున్నా ఖాళీయే. ఈ నిర్వచనం ఆట కల్పించినది కాదు. అడవి బిడ్డల భూముల గురించి ప్రభుత్వ దస్త్రాలు ఎంతకాలంగా ఈ భాషలోనే మాట్లాడలేదు?

పక్క గదిలోంచి బావ అందుకున్నాడు. వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ‘‘సర్వేవాడు వచ్చి గొలుసు పరిచాడంటే వెనకాలే పట్టాలొస్తాయి. మధ్యలో ఊరివాణ్ణి అడిగేదెవరు?’’

ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంది. ఈ ఊరి తెలుగువారి చరిత్ర రైలు పట్టాల వెంట నడిచినదే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, వర్క్‌షాపు పట్టణంగా మలిచింది. ఉత్తరాంధ్ర నుంచి కూలికోసం, కొలువుకోసం జనం తరలివచ్చారు. మన భాషలో వారు వచ్చినదీ వలసే, వారిని పనిలో పెట్టుకున్న దొరల పాలనా వలస పాలనే. ఒకే మాట ఆకలినీ మోస్తోంది, అధికారాన్నీ మోస్తోంది. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు నేలను ఏలలేదు. ఉద్యోగాలు తొలగించినప్పుడు తిరగబడ్డాడు. 1928లో ఆ రైల్వే కార్మికుల అహింసాయుత సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. తెలుగుకు అధికార భాష హోదా ఇస్తూ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. వచ్చి శతాబ్దం దాటాక గాని దక్కని గుర్తింపు అది.

బావ ప్రశ్నకు మన గణతంత్రం ఒకటి రెండుసార్లు జవాబు చెప్పింది. 1997లో సమత తీర్పు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదన్నది. 2013లో నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల విషయం గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెబితే, పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. ఖనిజం అక్కడ ఉందని అందరికీ తెలుసు. అన్వేషణ ఏనాడో పూర్తయింది. కానీ తెలిసినంత మాత్రాన అది తెలుసుకున్నవాడి సొత్తు కాలేదు. రెంటికీ మధ్య ఒక గ్రామసభ నిలబడింది.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. అంకెలతో కుస్తీ పట్టడం మాని, అన్వేషణకూ వలసకూ నడుమ మూడో మెట్టు పెట్టమన్నాను. కనుగొన్న నేలలోని వారితో ముందు కొన్నేళ్లు వర్తకం చేయాలి. వారు ఒప్పుకుంటేనే వలస సాగాలి. కాదంటే ఓడ వెనక్కి తిరగాలి.

వాడు రాత్రంతా కూర్చుని దాన్ని రాశాడు. ఉదయానికి స్నేహితుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి: ఆట మరీ నెమ్మదించింది, పోర్చుగల్ ఎటూ కదలడం లేదు. అభివృద్ధికి అడ్డు తగులుతున్నారని గ్రామసభల మీద ఢిల్లీలో నేను వినే ఫిర్యాదూ అచ్చంగా ఇదే.

నేను రైలెక్కే వేళకు, ఆ నియమం ఉంచాలా తీసెయ్యాలా అని వాడింకా తేల్చుకోలేదు. ఉంచమనే చెప్పాను. మేనల్లుడు గనుక నా మాట ఆలోచిస్తాడు. నేను వార్తలు రాసే సభల్లో ఆ భరోసా లేదు.