బస్సు దిగినాక మిగిలే దారి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద, దాదాపు సగం దూరంలో మా శిరివెళ్ల ఉంటుంది. కర్నూలు నుంచి కడప, చిత్తూరు వైపు పోయే బస్సులు ఈ దారినే పోతాయి. నంద్యాలలో డిపో ఉంది, ఆళ్లగడ్డలోనూ ఉంది. మ్యాపు చూసేవారికి ఇక్కడి మనుషులకు ప్రయాణ కష్టమే లేదనిపిస్తుంది. మేము నల్లమల అంచు గూడేల్లో పుట్టిన చెంచులం. మా కష్టం బస్సు ఎక్కే ముందు ఒకటి, బస్సు దిగినాక ఇంకొకటి.

ఎక్స్‌ప్రెస్ బస్సు మమ్మల్ని మెట్ట దగ్గర దించుతుంది. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో. ఊరి నుంచి గూడెం వైపు పోయే ఆటో మాత్రం సీట్లు నిండేదాకా కదలదు. పొద్దు గూకితే సీట్లు నిండినా రాదు. అప్పుడు మాకు రెండే దారులు: నడవడం, లేకుంటే బాడుగ బండి మాట్లాడుకోవడం. “గూడెం దాకానా? రానూ పోనూ బాడుగ ఇస్తేనే వస్తా” అంటాడు డ్రైవరు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కేవాళ్లు ఉండరని అతని లెక్క. డీజిలు ఊరికే రాదు కాబట్టి ఆ లెక్కను తప్పు పట్టలేం. కానీ ఆ రాత్రి ఒక్క ప్రయాణానికి మా రెండు రోజుల కూలి పోతుంది.

రైలు సంగతీ అంతే. గుంటూరు వైపు పోయే రైలు నంద్యాల దాటాక గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా నల్లమలలోంచే పోతుంది. 2016లో నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు కొత్త లైను మొదలైంది. అది బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పడమటి వైపు నుంచి పోయింది. శిరివెళ్లకు, ఆళ్లగడ్డకు రైలు లేదు. మా గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసేమో శ్రీశైలంలో ఉంది. నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల మీదుగా బస్సులు మారుతూ పోవాలి. దోర్నాల దగ్గర అటవీ చెక్‌పోస్టును రాత్రిపూట మూసేస్తారు. అందువల్ల ఒక్క కాగితం ఇచ్చి రావడానికి రెండు రోజులు పడుతుంది.

వీటన్నిటి కంటే పెద్ద నష్టం మా ఆడపిల్లల చదువుకు జరుగుతోంది. గూడెంలో అయిదో తరగతి అయినాక హైస్కూలుకు పెద్ద ఊరికి పోవాలి. పదో తరగతి వరకు ఆడపిల్లలకు ఆర్టీసీ ఉచిత పాస్ ఇస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. ఆధార్, ఓటరు, రేషన్ కార్డుల్లో ఒకటి చూపితే పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో సున్నా టికెట్ కొడతారు. మా అక్కలు, అత్తలు నంద్యాల ఆసుపత్రికి చేతిలో డబ్బు లేకున్నా పోయి వస్తున్నారు. ఇది మంచి మార్పు. అయితే బస్సే రాని దారిలో సున్నా టికెట్ ఎవరు కొడతారు? సాయంత్రం ట్రిప్పు ఆగిపోతే, అడవి దారిన చీకట్లో నడిచి రావాల్సిన పిల్లను ఏ నాయన పంపుతాడు? టీచర్లం మేము రిజిస్టరులో “బడి మానేసింది” అని రాస్తాం. ముందు మానేసింది బస్సు. దాన్ని రాసుకునే గడి రిజిస్టరులో లేదు.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు. యూరప్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఫ్రాన్స్ గురించి చెబుతాం. పారిస్–లియోన్ మధ్య 1981లోనే టీజీవీ వేగపు రైలు మొదలైన దేశమది. అయినా అక్కడ చిన్న పల్లెలు చూడాలనుకునే యాత్రికులు చాలామంది స్టేషన్‌లో దిగి కారు బాడుగకు తీసుకుంటారు. రైలు నగరం దాకా తెస్తుంది, ఆ పైన ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. కారు లేని పల్లెవాసుల కోసం మాత్రం చాలా జిల్లాల్లో ఒక ఏర్పాటు ఉంది. ముందుగా ఫోన్ చేసి చెబితే చెప్పిన వేళకు చిన్న వ్యాను వస్తుంది. కొద్దిమందే ఎక్కుతారని తెలిసే దాన్ని నడుపుతున్నారు, ఖర్చులో ఎక్కువ భాగం ప్రజల సొమ్ము నుంచే పెడుతున్నారు. మాకు నచ్చింది ఆ వ్యాను కాదు, టికెట్ల లెక్క బదులు అవసరం లెక్క చూసిన ఆ పద్ధతి.

ఆ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీ ఎక్కి తన పెళ్లికి పిలవడానికి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని ఇచ్చినవాళ్లం కాబట్టి ఆయన మాకు అల్లుడు. ఎంతమంది వస్తారో లెక్కేసుకుని ఏ ఊరికి పోవాలో ఆయన తేల్చుకోడు. అల్లుడు రాగలిగిన దారిలో పల్లెవెలుగు ఎందుకు రాదని మా ముసలివాళ్లు నవ్వుతూ అడుగుతారు. నవ్వుతూ అడిగినా అది అడగాల్సిన ప్రశ్నే.

అడగడానికి ఆధారాలు ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద బడి, ఆసుపత్రి, రోడ్డు వంటి 13 సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కో సౌకర్యానికి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. అంటే మొదటి సంతకం మన చేతిలోనే ఉంది. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో మనవంటి ఆదిమ తెగల గూడేలకు రోడ్లు, సంచార వైద్య వాహనాలు ఉన్నాయి. బడి దూరమైన పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఉంది. టీచర్లు పేర్లు పంపితేనే అది పిల్లలకు అందుతుంది.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మరో మాట. బాడుగ బండి తప్పనప్పుడు ఎక్కకముందే బాడుగ తేల్చుకోండి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే అది బాడుగకు అనుమతి ఉన్న బండి. తెల్ల పలక సొంత బండిది. అందులో డబ్బిచ్చి ఎక్కితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులొస్తాయి. కాన్పు నొప్పులు వస్తే బాడుగ కోసం వెతుక్కోకుండా ముందు 108కి ఫోన్ చేయండి. గూడెం దాకా దారి బాగాలేకపోతే, ఎక్కడ కలుస్తారో ఆ ఫోన్‌లోనే చెప్పండి.

టీచర్ మిత్రులారా, బడి గోడ మీద బస్సు వేళలు రాయించండి. బస్సు రాని రోజును పిల్లల చేతనే తేదీ వేసి నోటుబుక్కులో రాయించండి. మూడు నెలలకొకసారి ఆ పేజీలకు గ్రామసభ తీర్మానం జతచేసి డిపోలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుందాం. బడికి రాని పిల్లల లెక్క మనల్ని ఏటా అడుగుతారు. ఆ పక్కనే గూడేనికి రాని బస్సుల లెక్కను కూడా పెడదాం.