ఉక్కునగరం నుంచి ఓడరేవుకు

దేశంలోని రైలుమార్గాలకు పట్టాలు తయారుచేసే ఊరు భిలాయి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు దుర్గ్ సమీపాన ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమి చుట్టూ దేశం నలుమూలల నుంచీ జనం చేరారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్ళినవారు వారిలో కొద్దిమంది కారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం ముంగిట తెలుగు మాట నేటికీ ధారాళంగా వినిపిస్తుంది.

వేసవి సమీపించేసరికి ఈ ఇళ్ళలో ఊరి టిక్కెట్ల ప్రసక్తి మొదలవుతుంది. ఇటీవల దానికి ఓడ ప్రయాణం తోడయింది. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహారనౌక విశాఖ నుంచి చెన్నైకి యాత్రికులను చేరవేసింది. 2023 సెప్టెంబరు 4న విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. జీవితమంతా నిప్పు ఎదుట గడిపి పదవీ విరమణకు చేరువైన కార్మికుడికి నాలుగు రోజులు నీటిమీద గడపాలనిపించడంలో వింత ఏముంది? వింత అంతా ధరలోనే ఉంది.

ఓడలోని గది నిండినా, ఖాళీగా ఉన్నా ఇంధనానికీ సిబ్బందికీ అయ్యే ఖర్చు దాదాపు ఒక్కటే. ఖాళీ గదితో ఓడ రేవు దాటిందా, ఆ రాబడి ఇక రానట్టే. అందుచేత కంపెనీలు ముందుగా వచ్చినవారికి తగ్గింపు ఇస్తాయి. గదులు నిండుతున్నకొద్దీ ధర పెంచుతాయి. ఆఖరున కొన్ని మిగిలిపోతే మళ్ళీ దించుతాయి. పాశ్చాత్య దేశాలలో జనవరి నుంచి మార్చి వరకు ఈ తగ్గింపుల సంత జోరుగా సాగుతుంది.

ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక్కొక్కరికి, అదీ గదిలో ఇద్దరున్నప్పుడు. పన్నులూ రేవు రుసుములూ దానికి అదనం కావచ్చు. ఒంటరి ప్రయాణికుడు తరచుగా రెండో మనిషి సొమ్ములో కూడా చాలా భాగం చెల్లించవలసి వస్తుంది.

ఆఖరి వారంలో దొరికే చవక గది రేవు పక్కన కాపురమున్న వాడి అదృష్టం. మధ్యాహ్నం కబురు అందితే సాయంత్రానికి పెట్టె సర్దుకోగలడు. భిలాయివాసికి ఆ సౌలభ్యం లేదు. షిఫ్టు మనిషికి సెలవు ముందే మంజూరు కావాలి. ఆపైన రైలు ఉండనే ఉంది. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. 2024 సెప్టెంబరు 16న ప్రారంభమైన దుర్గ్–విశాఖ వందే భారత్ ఈ దూరాన్ని సుమారు ఎనిమిది గంటలలో ముగిస్తుంది. ఎంత వేగంగా పోయే బండి అయితేనేం, సీటు దొరకాలి గదా! పట్టాలు చేసిన చేతులైనా వెయిటింగ్ లిస్టులో వరుసలోనే నిలబడాలి. తత్కాల్ టిక్కెట్లు ప్రయాణానికి ముందురోజున మాత్రమే అమ్ముతారు, వాటికి అదనపు రుసుము కూడా ఉంది. నలుగురున్న కుటుంబానికి ఓడలో మిగిలిన సొమ్ము అక్కడే కరిగిపోతుంది.

మరొక చిక్కు ఉంది. విశాఖలో ఎక్కినవారు చెన్నైలో దిగితే, తిరుగుప్రయాణానికి విజయవాడ, బల్హార్షా మీదుగా మరో రైలు చూసుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. అంతకుముందు ఆ గడువు 120 రోజులు. కనుక ముందస్తు తగ్గింపులో గది తీసుకున్న కుటుంబం కొన్ని వారాలపాటు రైలు లేని ఓడ టిక్కెట్టుతో కాలక్షేపం చేయవలసిందే. ప్రయాణం దగ్గరపడేకొద్దీ ఓడ కంపెనీల రద్దు రుసుము పెరుగుతుంది. అందువల్ల ధరల పట్టిక కంటే రద్దు నిబంధనలను ముందు చదవడం మేలు. రానూపోనూ రెండు రైళ్ళకూ విడివిడిగా వచ్చే ఆ 60వ రోజులను క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, ఆయా రోజుల్లో ఉదయం 8 గంటలకే సీట్లు తీసుకున్నవారికే ఆ తగ్గింపు నిజంగా చేతికి అందుతుంది.

అలా బయలుదేరిన కుటుంబం మహాసముంద్, కాంటాబాంజీ, టిట్లాగఢ్, రాయగడ దాటుతుంది. పార్వతీపురం చేరేసరికి స్టేషను బోర్డు మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. హిందీ బడిలో చదువుకునే పిల్లలు కిటికీకి ముఖం ఆనించి, వాటిని కూడబలుక్కుంటూ చదువుతారు.