మందను కాచే కుక్క

మందను తోలే కుక్క వేరు, మందను కాచే కుక్క వేరు. మొదటిది కాపరి ఈలకు పరుగెత్తుతుంది. రెండవది తోడేలు వచ్చినప్పుడు కాపరి కోసం ఎదురుచూడక తానే నిర్ణయించుకొంటుంది. తరతరాలుగా కాపరులు అటువంటి పిల్లలనే ఎంచి పెంచారు. మనము మొండితనమని నిందించేది దాని వృత్తిధర్మమే.

సూరత్‌లో భర్వాడ్ కాపరి ఒకరు మాకిచ్చిన పది వారాల ‘మోతీ’ ఈ రెండవ కోవకు చెందినది. పిలిస్తే రాదు, ఒడి చేరదు. గుమ్మంలో కూర్చుని వీధిని కనిపెడుతూంటుంది. పొరుగింటి పసివానిపై గుర్రుమన్నందున దానిని పంపివేయవలసినదిగా కాలనీవారు కోరారు. మేము రెండు నెలల గడువు అడిగాము.

కుక్కపిల్లకు సుమారు మూడవ వారము నుండి పద్నాలుగవ వారము వరకు లోకపరిచయ కాలము. అప్పుడు గొర్రెపిల్లల నడుమ పెరిగితే అవే తనవారవుతాయి. మోతీకి మిగిలినవి నాలుగు వారాలే. పెద్దల సమక్షమున పిల్లలు దూరంగా కూర్చుని రొట్టెముక్కలు విసిరేవారు; అది తానై సమీపించేవరకు ఎవ్వరూ తాకలేదు. పిలుపు నేర్పుట రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు మాత్రమే. వచ్చిన ప్రతిసారి బహుమానము, రానిచో మౌనము. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాము.

గడువు ముగిసేనాటికి కాలనీ పిల్లలు దాని మందలో చేరిపోయారు, ఫిర్యాదు ఉపసంహరించుకొన్నారు. పిలిస్తే మాత్రము ఈనాటికీ ఒక క్షణము ఆలోచించి గాని రాదు. మీట నొక్కగానే కదిలే యంత్రములకు అలవాటుపడిన మేము ఆ క్షణము ఓపిక పట్టుట నేర్చుకొన్నాము.